ఎనిమిది మీటర్లు, ఒక మోడెం

చిరంజీవి సుధకు,


పంపుహౌసులో ఎనిమిది మీటర్లు, ఒక్కోదానికి సెకనుకు 2400 బిట్ల వేగంతో ఒక సీరియల్ లైను. కంట్రోల్ రూముకు ఉన్నది ఒకే 9600 మోడెం. మధ్యలో స్టాట్ మక్స్, అంటే ఏ లైనులో అక్షరాలు వస్తే వాటినే ఒకే మోడెం మీదికి పంపే పెట్టె, పెట్టినా అన్నీ పట్టవేమోనని నీ భయం. పడతాయమ్మా. నా భయం వేరే.

ముందు నీ లెక్కే చూద్దాం. స్టార్ట్, స్టాప్ కలిపి అక్షరానికి 10 బిట్లు. అంటే లైనుకు సెకనుకు 240 అక్షరాలు, ఎనిమిదీ ఒకేసారి మొదలుపెడితే 1920. మక్స్ స్టార్ట్, స్టాప్ బిట్లను తీసేస్తుంది కాబట్టి మోడెం మీద 1200 దాకా వెళ్తాయి, హెడర్ల ఖర్చు పోను. మిగిలినవి బఫర్‌లో ఆగాలి. కానీ మీవి అడిగితేనే బదులిచ్చే మోడ్‌బస్ ఆర్‌టీయూ మీటర్లు. ఒక్కో జవాబు 256 బైట్లు దాటదు. అన్నీ కలిసి పలికినా 2048 బైట్లే, అంతకు మించి బఫర్‌లో చేరవు.

ఇక అసలు సంగతి. మోడ్‌బస్ ఆర్‌టీయూలో సందేశం ముగిసిందని చెప్పేది అక్షరం కాదు, నిశ్శబ్దం. మూడున్నర అక్షరాల సేపు, అంటే 2400 దగ్గర సుమారు 15 మిల్లీసెకన్లు, లైను ఊరుకుంటే అక్కడితో సందేశం అయిపోయినట్టు. మధ్యలో ఒకటిన్నర అక్షరాల సేపుకు మించి ఆగినా ఆ ఫ్రేము చెల్లదు. స్టాట్ మక్స్ అక్షరాలను భద్రంగా చేరుస్తుంది, వాటి మధ్య ఎడాన్ని మాత్రం కాపాడదు. మూడో లైను జవాబు సగంలో ఉండగా ఐదో లైనుది 60 బైట్ల ముక్క దూరితే 50 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. బైట్లన్నీ సరిగ్గానే వస్తాయి, కంట్రోల్ రూములో ప్రశ్నలు అడిగే మాస్టర్ మాత్రం ఫ్రేమును పారేస్తుంది. నువ్వు కేబుళ్లు మారుస్తూ కూర్చుంటావు.

ఎడాలు చెదరని పద్ధతి లేకపోలేదు. 1870లలో ఎమిల్ బోదో టెలిగ్రాఫులో ఒక తీగను చాలామంది ఆపరేటర్లు వంతులవారీగా వాడుకునేవారు. ఎవరి వంతు వాళ్లకు ఖాయం, యంత్రం లయకు తగ్గట్టే మీటలు నొక్కాలి. టైమ్ డివిజన్ మక్స్ ఈనాటికీ ఆ బాటలోదే. దానిలో ఎడాలు చెదరవు, కానీ ఖాళీ వంతు వృథా. నీ 9600లో నాలుగు లైన్లకే చోటు.

అందుకని ఫ్రేము మొత్తం చేరాకే బయటికి వదిలే మక్స్ అడుగు. మోడ్‌బస్ తెలిసినదని విడిగా రాయించుకో, అమ్మేవాళ్ల నోటిమాట చాలదు. అలా వదిలేటప్పుడు కంట్రోల్ రూము వైపు పోర్టు 2400లో ఉండనక్కర్లేదు, 9600 పెట్టు. అలాంటి మక్స్ దొరక్కపోతే మీటర్లలో మోడ్‌బస్ ఆస్కీ ఉందేమో చూడు. అందులో సందేశం మొదలుకూ చివరకూ గుర్తులుంటాయి, అక్షరాల మధ్య సెకను దాకా ఆగినా ఒప్పుకుంటుంది. బైట్లు రెట్టింపవుతాయి, అయినా మీ పనికి అది మేలు.

మాస్టర్ టైమవుట్ కూడా పెంచాలి. పెద్ద జవాబు మీటరు నుంచి మక్స్‌కు చేరడానికే సెకను పైన పడుతుంది, వరుసలో వెనక పడితే మోడెం మీద ఇంకో 1.7 సెకన్లు. ఆర్‌టీయూ అయితే నాలుగు సెకన్లు పెట్టు, ఆస్కీ అయితే బైట్లు రెట్టింపు కాబట్టి ఇంకా పెంచు.

బల్ల మీద ఒక్క మీటరుతో టెస్టు చేసి సంతకం పెట్టకు. ఎనిమిదింటినీ ఒకేసారి పొడుగు జవాబులు అడిగించి, లైనువారీగా సీఆర్‌సీ ఎర్రర్లు, టైమవుట్లు వేర్వేరు గడుల్లో రాసి నాకు పంపు.

పెదనాన్న