ఒకే ప్రయోగంలో రెండు అంశాలు

ప్రశ్న: సీపీఆర్ శిక్షణలో మానికిన్ రకాన్నీ, అభ్యాసానంతర చర్చ తీరునూ ఒకేసారి పరీక్షించవచ్చా?
– ఒక నర్సింగ్ అధ్యాపకురాలు, గమ్హరియా

జవాబు: తప్పక పరీక్షించవచ్చు. సాధారణ మానికిన్, మాట్లాడే మానికిన్ అనే రెండు రకాలను, మౌఖిక చర్చ, వీడియో చూస్తూ సాగే చర్చ అనే రెండు పద్ధతులతో జతచేస్తే నాలుగు జట్లు ఏర్పడతాయి. విద్యార్థినులను చీటీలు తీసి వాటిలో సమంగా సర్దే ఈ ఏర్పాటును కారకీయ ప్రయోగ రచన అంటారు. 80 మంది ఉంటే జట్టుకు 20 మందే అయినా, ఒక్కొక్క అంశాన్ని 40 మందికి 40 మందితో పోల్చవచ్చు. అసలు విలువ పరస్పర ప్రభావానిదే, అంటే మాట్లాడే మానికిన్ మేలు వీడియో చర్చ తోడైనప్పుడే కనిపిస్తుందా అన్న సంగతిది. దాన్ని నమ్మకంగా తేల్చడానికి మాత్రం ఇంకా ఎక్కువ మంది కావాలి. రెండేసి రకాలున్న అంశాలు ఆరైతే జట్లు 64 అవుతాయి గనుక, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1947లో వివరించిన ఆర్థోగోనల్ అర్రేల (అంశాల కలయికల్లో కొన్నిటినే సమతూకంగా ఎంచే పట్టికల) సాయంతో, పరస్పర ప్రభావాలు స్వల్పమనుకోగలిగిన చోట, 8 జట్లతోనే ప్రధాన ప్రభావాలను అంచనా వేయవచ్చు.