దారి తప్పిన కాలయంత్రం

సైన్స్ కథ అనగానే అది ఇంగ్లీషు వాళ్ల సొత్తని మనలో చాలామంది అనుకుంటారు. ఎచ్.జి. వెల్స్ 1895లో 'ది టైమ్ మెషిన్' నవల రాసిన మాట నిజమే. కానీ 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు 'ఆదిత్య 369' తీసి, ఆ యంత్రానికి తెలుగు నేర్పారు. 2025 ఏప్రిల్‌లో ఆ సినిమా మళ్లీ థియేటర్లకు వచ్చింది.

కథంతా రాయలవారి కాలం నాటి ఒక వజ్రం చుట్టూ తిరుగుతుంది. (వజ్రం మనకేమీ కొత్త కాదు. వాన పడితే చాలు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో మనవాళ్లు వంగి వెతికేది దాన్నే.) నాయకుడు కాలయంత్రంలో 1526కు పోతాడు. తిరిగి రావలసిన యంత్రం దారి తప్పి 2504లో దిగుతుంది. అక్కడ జనం రేడియేషన్‌కు జడిసి భూమి లోపల బతుకుతుంటారు. యంత్రం సక్రమంగా పనిచేసి ఉంటే అది ఒక చారిత్రక చిత్రంగానే మిగిలేది. చెడిపోయింది కాబట్టే గతమూ, భవిష్యత్తూ ఒకే కథలో ఇమిడాయి.

ఒంటిమిట్టవాళ్లు మావాడే అని చెప్పుకునే పోతన భాగవతంలోనూ ఇటువంటి కథ ఉంది. రైవతుడు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి పోతాడు. అక్కడ పాట జరుగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు. ఇంతలో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి! పాట వింటూ స్టడీ అవర్ మరచిపోయేవాళ్లు మన హాస్టల్లోనూ లేకపోలేదు.

కాలం అన్నిచోట్లా ఒకేలా నడవదని ఐన్‌స్టీన్ చెప్పిన సంగతి పరీక్షలకు నిలిచింది. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు మన గడియారాల కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని లెక్కలో సరిచేయకుంటే ఫోన్ చూపే దారి కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. వెనక్కి పోయే ఉపాయం మాత్రం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

దొరికినా మాకు తొందర లేదు. ఆ యంత్రం మనల్ని 1526లో ఎక్కడ దింపుతుంది? నాయకుడిలాగా రాయలవారి సభలోనా, ఊరి బయటనా? సినిమా ఈ ప్రశ్న అడగలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మా జేజికి బడి గడప తెలియదు. అన్ని వందల ఏండ్లెందుకు, ఆమె చిన్ననాటికి పోయినా మా చేతికి పలక రాదు.

అందుకే ఆ కథను మీలో ఎవరైనా రాయండి. యంత్రం చెడిపోయి సభలో కాకుండా మన వాడలోనే దిగాలి, మనుషులు మన సీమ మాటే మాట్లాడాలి. వచ్చే వార్షికోత్సవ సంచికకు అందేలా పంపండి.