గాదెలో దూరిన కాలయంత్రం

ఏమే చెల్లాయ్, నిన్న ఫోన్లో అంత బెంగపడ్డావేంటే! నీ కొడుకు సినిమాలు తీస్తానంటున్నాడనీ, ఒకే సినిమాని పదిసార్లు చూస్తున్నాడనీ... "అన్నిసార్లు చూస్తే ఏమొస్తుందక్కా?" అన్నావు. పొయ్యి మీద పులుసు పొంగుతోందని పెట్టేశాను గానీ, రాత్రంతా నీ ప్రశ్నే నెమరేశాను.

1991 వానాకాలం గుర్తుందా? నాన్నగారు మనిద్దర్నీ కాలయంత్రం సినిమా 'ఆదిత్య 369'కి తీసుకెళ్లారు. విలన్ అమ్రీష్ పురీ కనబడితే చాలు, నువ్వు నా ఓణీలో మొహం దాచేసుకునేదానివి. మర్నాడు నువ్వు కనబడక ఇల్లంతా వెతికితే, ఖాళీ గాదెలో కూర్చుని ఉన్నావు. "రాయలవారి దగ్గరికెళ్లొస్తున్నాను, తలుపు తియ్యకండి" అన్నావు. ధాన్యం దుమ్ముకి ఒళ్లంతా దద్దుర్లు, పైగా అమ్మ చేతి దెబ్బలు. అలాంటి నీకు ఈ బిడ్డ పుట్టాడని ఆశ్చర్యపోతావేంటే!

అసలు ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారికీ ఇలాంటి పిచ్చే. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన టైమ్ మెషీన్ నవలని కాలేజీ రోజుల్లో చదివారు. అది లోపల అలా ఉండిపోయింది. ఎన్నో ఏళ్లకి విమానంలో పక్కనున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి చెవిన వేశారట. బాలు గారు ఊరుకుంటారా, నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ గారికి చెప్పి, సినిమాకి తనే సమర్పకుడయ్యారు.

చిత్రం చూడు. వెల్స్ కథలో మనిషి ముందుకే పోతాడు, ఏకంగా 802701వ సంవత్సరానికి. 1985లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్'లో అమెరికా కుర్రాడు ముప్ఫై ఏళ్లు వెనక్కెళ్లి, అమ్మానాన్నలు చదువుకునే రోజుల్లో పడతాడు. మన సింగీతం గారి యంత్రమో? సరాసరి 1526కి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకి! ఆ తర్వాతే 2504. ఎవరి మనసు ఎటు లాగితే బండి అటే పోతుంది కదే. తెలుగువాడికి వెనక్కెళ్లే వీలు చిక్కితే భువనవిజయం చూడకుండా వస్తాడా? తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ ఎదురుపడగానే హాల్లో ఒకటే ఈలలు. అంత పరాయి కథకి మాటలు రాసిందెవరనుకున్నావు? మన నరసాపురంలో పుట్టిన జంధ్యాల. ఆ సంగతి నాన్నగారు ఆ నెలంతా వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పారు, ఆయనే రాసినంత గర్వంగా.

నాకింకో అనుమానం కూడా ఉంది. ఒట్టి నా ఊహేలే. సింగీతం గారు కుర్రతనంలో కె.వి.రెడ్డి గారి దగ్గర 'మాయాబజార్'కి పనిచేశారు. అందులో ప్రియదర్శిని పెట్టె లేదూ? తెరిస్తే ప్రియమైనవాళ్లు కనబడతారు! 1957లోనే వీడియో కాల్ అన్నమాట. ఆ పెట్టె పక్కన పనిచేసినవాడికి టైమ్ మెషీన్ వింతేముంది?

ఆయన దగ్గర మొదలైన ఈ వరస అక్కడితో ఆగలేదు. 'కల్కి 2898 ఏడీ' తీయబోతూ నాగ్ అశ్విన్ వాళ్లు 2020లో ఆయన్ని దారి చూపే పెద్దగా పిలుచుకున్నారు. అప్పటికాయన తొంభైకి దగ్గరపడ్డారు. ఆ సినిమా 2024లో వచ్చింది.

ఇక మన పాలకొల్లు! గ్రాఫిక్సుతో 'అమ్మోరు', 'అరుంధతి' తీసిన కోడి రామకృష్ణ గారి ఊరు. అదే ఊరి కుర్రాడు ప్రశాంత్ వర్మ 2018లో 'అ!' తీశాడు. అందులో అవసరాల శ్రీనివాస్ వేసిన వాచ్‌మన్ కూడా టైమ్ మెషీన్ చేస్తుంటాడు. రాయల కోసం కాదు, అమ్మానాన్నల్ని చూసుకోవడానికి. నేనక్కడ ఏడ్చేశాను, మీ బావగారు నవ్వారనుకో. ఆ సినిమాకి మేకప్‌కీ స్పెషల్ ఎఫెక్టులకీ రెండు జాతీయ అవార్డులొచ్చాయి. నన్నడిగితే ఆ వాచ్‌మన్‌కి ఒకటివ్వాల్సింది.

అందుకని వాణ్ణి తిట్టకు. ఈసారి 'ఆదిత్య 369' పెట్టి, సౌండు తీసేసి చూడమను. దానికి కెమెరా పట్టినవాళ్లు ముగ్గురు. పి.సి.శ్రీరామ్ గారికి మధ్యలో ఒంట్లో బాగోలేకపోతే వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్ లాల్ అందుకున్నారు. రాయల కాలం వెలుగు ఎలా ఉంది, 2504 వెలుగు ఎలా ఉంది, కాగితం మీద రాయమను. నీకు యంత్రం దొరికితే ఏ ఏటికెళ్తావురా అని కూడా పెద్దమ్మ అడిగిందని చెప్పు. అంతరిక్షం, రోబోలు అని మొదలెడితే ఇంకో పదిసార్లు చూడనియ్యి. తాతయ్యగారి దగ్గరికి అన్నాడా, వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

సంక్రాంతికి ఎలాగూ వస్తారు కదా. గాదె ఇంకా పెరట్లోనే ఉంది, దులిపించి ఉంచుతాను.