సత్యము కాని ఓదార్పు

వాక్యభాగములు: లూకా 13:1–5, యోహాను 9:1–3, హెబ్రీ. 10:1–14



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొన్న విషయము కొందరికి వింతగా తోచవచ్చును. అది ఒక వీడియో ఆటలోని కథ. సంఘపత్రికలో ఆటల ప్రస్తావన యేమిటని పెద్దలు నొచ్చుకొనవలదు. మన పిల్లలలో పలువురు ఆదివారము గుడిలో గడుపు కాలముకంటె వారములో ఈ ఆటలయొద్ద గడుపు కాలమే హెచ్చు. వాటిలో దేవతలున్నారు, గుళ్లున్నవి, యాజకులున్నారు, బలులున్నవి. మతమనగా నేమో ఆ కథలు మన బిడ్డలకు తమ రీతిగా నేర్పుచునే యున్నవి. వారేమి నేర్చుకొనుచున్నారో కాపరి యెరుగకుండుట మంచిది కాదు.

క్రిస్మసు సెలవులకు హైదరాబాదునుండి వచ్చిన మా సంఘపు యువకుడొకడు ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. నేనాడే ఆటలో ఒక మతం ఉంది. అందులో చెప్పేదంతా అబద్ధమని చివర్లో తెలుస్తుంది. ఆ గుడికీ మన గుడికీ తేడా ఏమిటండీ?" అని అడిగెను. మేము వెంటనే ఏదో చెప్పబోతిమి గాని, చూడనిదానిమీద తీర్పు చెప్పుట న్యాయము కాదని తోచి, "ముందు చూపించవయ్యా" అంటిమి. అతడు నాలుగు రాత్రులు తన లాప్‌టాప్ తెచ్చి, దాచియుంచుకొన్న ఘట్టములను ఒక్కొక్కటిగా నాడి చూపుచు, నడుమనున్న కథను విప్పి చెప్పెను. మా యింటి అమ్మగారు ఆ నాలుగు రాత్రులును మమ్మును ఎట్లు చూచిరో ఇక్కడ వ్రాయనక్కరలేదు.

ఆ ఆట పేరు ఫైనల్ ఫాంటసీ టెన్. 2001లో జపానులో స్క్వేర్ అను కంపెనీవారు విడుదల చేసిరి. కథ కూర్చినవారిలో ముఖ్యుడు కజుషిగే నోజిమా. అందులోని లోకము పేరు స్పిరా. ఆ లోకములో కొండంత మృగమొకటి సముద్రమునుండి లేచి ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టుచుండును. దాని పేరు సిన్. ఇంగ్లీషులో ఆ మాటకు పాపమనియే అర్థము. కిలికా అను రేవుపల్లెను అది నిమిషములలో నాశనము చేయును. తరువాత యూనా అను పడుచు పిల్ల నీటిమీద నిలిచి, చచ్చినవారి ఆత్మలను సాగనంపు నాట్యము చేయును. ఒడ్డున బ్రదికి మిగిలినవారు ఏడ్చుచు చూచుచుందురు. తుపాను వెళ్లిన మరునాడు మన తీరపు పల్లెలను చూచినవారికి ఆ దృశ్యము ఆటగా తోచదు.

ఈ శ్రమ యెందుకు వచ్చినది? స్పిరాలోని యెవన్ మతము దీనికి సిద్ధముగా జవాబు నుంచుకొన్నది. వెయ్యి సంవత్సరముల క్రిందట మనుష్యులు గర్వించి, యంత్రములను నమ్ముకొని, యుద్ధములు చేసిరట. దానికి శిక్షగా సిన్ వచ్చెనట. జనులందరు తమ పాపమును పూర్తిగా కడిగివేసికొన్న దినమున అది పోవునట. కాబట్టి యంత్రములను ముట్టకుడి, ప్రార్థించుడి, ప్రాయశ్చిత్తము చేయుడి అని బోధ. ప్రతి చావునకును ఆ మతమువద్ద లెక్క గలదు. ఆ లెక్కలో తప్పు ఎల్లప్పుడును చచ్చినవానిదో, వాని పొరుగువానిదో.

వక్కా అనువాడు ఈ బోధను మనఃపూర్వకముగా నమ్మినవాడు. వాని తమ్ముడు అన్న యిచ్చిన కత్తిని విడిచి, యంత్రపు ఆయుధము పట్టి, సిన్‌తో పోరాడి చచ్చెను. ఆనాటినుండి వక్కా యంత్రములు వాడు ఆల్ భేద్ అను జాతివారి నందరిని ద్వేషించును. వాడు దుర్మార్గుడు కాడు, నవ్వించువాడు, నమ్మకస్థుడు. తమ్ముని చావునకు ఒక కారణము కావలసివచ్చెను, మతము ఒక జాతిని చూపెను, అంతే. తాను చెల్లెలివలె చూచుకొను యూనాయొక్క తల్లి ఆ జాతి స్త్రీయే అని తరువాత తెలిసినప్పుడు వాని ముఖము చూడవలెను. మన గ్రామములలో ఏ వీధివారి నీడను ఏ వీధివారు అంటరానిదనుకొనిరో ఎరిగిన మనకు దీనికి వేరే వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇట్టి లెక్క వేయు జనులయెదుట, సిలోయము గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమంది సంగతి ప్రభువే ఎత్తెను. ఆయన ఆ లెక్క వేయలేదు. వారు మీకంటె పాపులు కారనెను, మీరు మారుమనస్సు పొందుడనెను. పుట్టు గ్రుడ్డివానిగూర్చి శిష్యులు అడిగినప్పుడును అంతే, వాని పాపముగాని కన్నవారి పాపముగాని కారణము కాదని చెప్పి, వానిని బాగుచేయుటకు పూనుకొనెను. యోబు స్నేహితులు మాత్రము యెవన్ గుడిలో మంచి బోధకులుగా చెలామణి అయి యుందురు.

ఇక బలి సంగతి. యూనా ఒక యాత్ర చేయుచున్నది. గుడి గుడికి పోయి ప్రార్థించి, కడపట జనార్కండ్ అను పాడుపట్టణము చేరి, అక్కడ పొందు మహాశక్తితో సిన్‌ను కూల్చవలెను. కూల్చినవారు ఆ క్షణమే చత్తురు. కొన్ని సంవత్సరములు లోకమునకు నెమ్మది కలుగును, మరల సిన్ పుట్టును. వెయ్యేండ్లలో ఐదుగురు ఈలాగు ప్రాణము లిచ్చిరి. ఐదవవాడు యూనా తండ్రి బ్రాస్కా. వారి విగ్రహములు గుళ్లలో నిలిపియున్నవి. యూనాకు పదునేడేండ్లు. ఊరూర జనులు ఆమెకు మ్రొక్కుదురు, దీవింతురు. నీవు చావనక్కరలేదమ్మా అని ఆపువారు లేరు.

ఆపువారు ఆ ఆల్ భేద్‌వారే. ఇట్టి యాత్రికులను వారు దారిలో పట్టుకొని పోవుచుందురు. మొదట వారు దొంగలని తోచును. తీరా చూడగా, వారిని చావకుండ దాచుటకే పట్టుకొని పోవుచున్నారు. ఒకరి యిష్టమునకు విరోధముగా వారిని బంధించుట తప్పే. అయినను పూలు చల్లి సాగనంపుచున్న భక్తులకంటె ఈ దొంగలకే ఆ పిల్ల ప్రాణము విలువ తెలిసినది. ఎవరు మంచివారో గుర్తుపెట్టి చూపకుండ ఈ కథ నడచును. అందుకే ఇది పిల్లల మనస్సును పట్టుకొన్నదని మాకు తోచినది.

గుడి పెద్దల వంచన బయటపడు భాగమును మేము త్వరగా దాటిపోవుదుము. యంత్రములను నిషేధించిన బెవెల్ పట్టణములోనే పెద్దలు యంత్రములతో కాపలా పెట్టుకొందురు. వెయ్యేండ్లనాటి యుద్ధములో యంత్రబలము గలది ఆ బెవెలే. ప్రధానగురువైన మీకా ఎప్పుడో చచ్చియు పీఠము విడువని ప్రేతము! మత్తయి సువార్త 23వ అధ్యాయము చదువుకొన్నవారికి ఇందులో ఆశ్చర్యమేమియు లేదు.

మమ్మును నిలిపివేసినది జనార్కండ్‌లోని ఘట్టము. అక్కడ మొట్టమొదట సిన్‌ను కూల్చిన యూనలెస్కా, వెయ్యేండ్లుగా ఆత్మరూపమున కాచుకొనియున్నది. ఆమె నిజము చెప్పును. యాత్రికురాలి కావలివారిలో ఒకడు ఆ మహాశక్తిగా మారవలెను. సిన్‌ను కూల్చిన పిమ్మట ఆ శక్తియే క్రొత్త సిన్ అగును. అనగా బలి సిన్‌ను చంపుచున్నది, బలియే సిన్‌ను పుట్టించుచున్నది. అది ఎన్నటికిని పోదు. అయితే జనులకు ఆశ కావలెను గనుక ఈ యాత్ర సాగవలెను అని ఆమె తలంపు. ఆమె కోపముతో అరవదు, జాలితో మాటలాడును. దుఃఖములో నున్నవారికి ఓదార్పు నిచ్చుచున్నానని నిజముగానే నమ్మియున్నది. యూనా ఏడ్చును గాని ఒప్పుకొనదు. తన తండ్రి ప్రాణమిచ్చినది దుఃఖము పోవుటకేగాని, దుఃఖమును సహించుటకు జనులను మోసగించుటకు కాదని తెలిసికొని, ఆమె యూనలెస్కాకు ఎదురు నిలుచును. యూనలెస్కా నశించుటతో పాత దారి మూతపడును. వేరే దారి యున్నదో లేదో అప్పటికి వారిలో ఎవరికిని తెలియదు.

మిషను వేదాంత కళాశాలలో హెబ్రీ పత్రికమీద మేము పరీక్ష వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొంటిమి. అయినను పదియవ అధ్యాయపు మొదటి మాటలు ఇంత గట్టిగా మాకు ఎన్నడును తగులలేదు. ఏటేట అర్పించు బలులు పాపమును తీసివేయవు, దానిని జ్ఞాపకము చేయును అని గ్రంథకర్త వాదము. తీసివేసినయెడల ఆ బలులు మానిపోయి యుండును గదా! యాజకుడు దినదినము నిలిచి అర్పించుచునే యుండును. క్రీస్తు ఒక్కమారు అర్పించి కూర్చుండెను. ఆగని బలి ఆగని పాపమునకు గురుతు. యూనలెస్కా గద్దె వద్ద యూనా కనుగొన్నది ఇందులో సగము. మిగిలిన సగము ఆ కథలో లేదు. ఉన్నదని బలవంతముగా చూపించుట మాకు ఇష్టము లేదు. ప్రతి కథానాయకునిలోను క్రీస్తును వెదకి ప్రసంగము చేయు అలవాటు మన బోధకులలో కలదు, అది కథకును మంచిది కాదు, క్రీస్తునకును గౌరవము కాదు. తుదకు సిన్ పోవును గాని, టీడస్ అను యువకుడును కనుమరుగైపోవును. యూనా ఒంటరిగా నిలిచి, పోయినవారిని జ్ఞాపకముంచుకొనుడని జనులతో చెప్పును.

నాలుగవ రాత్రి ఆ యువకునితో ఇట్లంటిమి: "అబ్బాయీ, యెవన్ పెద్దలు తమ తప్పును దాచిపెట్టారు. మన గ్రంథం దాచలేదు. ఏలీ కుమారులు ఏం చేశారో, అహరోను దూడను ఎలా చేశాడో అందులోనే ఉంది. సమాధానం లేనిచోట సమాధానమని చెప్పిన యాజకులను యిర్మీయా ఆరవ అధ్యాయంలో దేవుడే తప్పుపట్టాడు. తేడా అదే." అతడు కొంచెముసేపు ఊరకుండి, "గ్రంథం సరేనండి. మరి మనం?" అనెను.

ఈ మాటకు మేము అతనికి జవాబు చెప్పలేదు. పాఠకులకు చెప్పవలసియున్నది.

పదునాలుగేండ్ల క్రిందట, మేము అభిషేకము పొందిన క్రొత్తలో, వేరొక గ్రామమున తొమ్మిదేండ్ల పిల్లవాడు కాలువలో పడి చనిపోయెను. అంతకుముందు ఆదివారము వాని తలిదండ్రులు ఆరాధన మాని కోతకు పోయిరి. భూస్థాపన జరిగిన మూడవనాటి ప్రార్థనలో మేము లేచి, ప్రభువు ఆ యింటికి ఒక హెచ్చరిక పంపెనని బోధించితిమి. పెద్దలు తల లూపిరి. ఆ తల్లి నాటినుండి ఒక్క ఆదివారమైనను మానలేదు. సంఘము బాగుపడినదని మేము సంతోషించితిమి. ఆమె ప్రతి శుక్రవారము ఉపవాసముండుననియు, అది తన బిడ్డ చావునకు తానిచ్చుకొను బాకీ యనియు మాకు చాల యేండ్లకు తెలిసినది. తెలిసియు ఊరకుంటిమి. భక్తిలో నున్నది గదా, ఎందుకు కదపవలెను అనుకొంటిమి. యూనలెస్కా అనుకొన్నది దీనికి భిన్నమేమి?

జనవరిలో బస్సెక్కి ఆ గ్రామమునకు పోతిమి. ఆమె అరుగుమీద చేటతో బియ్యము చెరుగుచుండెను. "అమ్మా, ఆనాడు నేను చెప్పింది దేవుని మాట కాదమ్మా. మీవాడు పోవడానికి మీరు కోతకెళ్లడం కారణం కాదు. నేను తప్పు చెప్పాను, నన్ను క్షమించాలి" అంటిమి. ఆమె చేట దింపి చాలసేపు మమ్మునే చూచెను.

"అయితే మావాడు ఎందుకు పోయాడండీ, అయ్యగారూ?" అని అడిగెను.

తెలియదమ్మా అంటిమి. ఆమె మరేమియు అనలేదు. లేచి లోపలికి పోయి టీ పెట్టి తెచ్చెను. త్రాగి, ప్రార్థన చేయుదమా అని అడిగితిమి. వద్దండీ, ఈరోజుకి వద్దు అనెను. బస్సు వేళ వరకు అరుగుమీదనే కూర్చుంటిమి, ఆమె బియ్యము చెరుగుకొనుచుండెను.

శుక్రవారపు ఉపవాసము ఆమె ఇంకను మానలేదని అచ్చటి పెద్ద యొకరు ఈ మధ్య చెప్పిరి. ఇప్పుడది యెవరికొరకో మేము అడుగలేదు.