శాస్త్రముపై నమ్మిక: ప్లేగు నాటి పాఠము

శాస్త్రము సత్యమును చెప్పినంత మాత్రమున జనులు దానిని నమ్ముదురని తలచుట సరికాదు. చెప్పువారెవరు, ఏ రీతిని చెప్పుచున్నారు, పొరపాటు జరిగినపుడు ఏమి చేయుదురు అను మూడు ప్రశ్నలకు దొరకు సమాధానములను బట్టి నమ్మిక కలుగును. ఇందుకు మన దేశచరిత్రలోనే నిదర్శనము కలదు.

1896వ సంవత్సరమున బొంబాయి నగరమున ప్లేగు వ్యాధి పొడసూపెను. వేలకొలది జనులు ఊరు విడిచిపోయిరి. ఒడెస్సాలో జన్మించిన వాల్డెమార్ హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు గ్రాంటు వైద్య కళాశాలలో పనిచేసి, చంపబడిన ప్లేగు క్రిములతో టీకామందును సిద్ధపరచెను. 1897 జనవరి 10వ తేదీన దానిని మొదట తన శరీరముననే యెక్కించుకొనెను. పిదప బైకుల్లా చెరసాలలో తమంత తాము ముందుకు వచ్చిన ఖైదీలకు వేసి, వేయించుకొనని వారితో పోల్చి ఫలితమును చూచెను. ఇస్మాయిలీల మతగురువైన మూడవ ఆగాఖాను తనవారి యెదుట తానే టీకా వేయించుకొనెను. ఎరుగని దొర మాటకంటె ఎరిగిన పెద్ద చేత జనులకు ఎక్కువ ధైర్యము నిచ్చును గదా!

ఆ యేడే పూనాలో వేరొక మార్గము త్రొక్కిరి. సైనికులు ఇండ్లలో జొరబడి రోగులను వెదకిరి. వంటయిల్లనక, దేవుని గది యనక సోదా చేసిరి. జనులు రోగులను దాచసాగిరి. ఆగ్రహము పెరిగి పెరిగి, జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు అధికారి రాండుపై చాపేకర్ సోదరుల తుపాకి ప్రేలెను. రోగమును అరికట్టవలెనను ఉద్దేశము మంచిదే; కాని నిర్బంధముతో వచ్చిన మేలును జనులు కీడుగనే యెంచిరి.

మూడవ ప్రశ్న మరింత కఠినమైనది. 1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున టీకా వేయించుకొనిన వారిలో 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. అందరికిని ఒకే సీసాలోని మందు వేయబడినది. నింద హాఫ్కిన్ ప్రయోగశాలపై పడెను. ఆయన పదవి పోయెను. అయితే సీసా తెరచుటకు వాడిన పటకారు నేల పడగా, దానిని చక్కగా శుద్ధి చేయకయే వాడిరని విచారణలో తేలెను. సికింద్రాబాదులో 1897లో మలేరియా రహస్యమును ఛేదించిన రొనాల్డ్ రాస్, మరికొందరు శాస్త్రజ్ఞులు 1907లో బహిరంగముగా ఆయన పక్షమున వాదించిరి. ఆ యేడే ఆయన నిర్దోషి యని తేలెను. 1925లో బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టిరి. సత్యము బయటపడుటకు ఐదేండ్లు పట్టుట విచారకరము. సాక్ష్యమును మరల మరల పరిశీలించుటచేతనే అది బయటపడినదని మరువరాదు.

తల్లిదండ్రులారా! ఇంట తెలుగు, వీధిలో వేరొక భాష గల మనకు ఈ పాఠము మిక్కిలి అవసరము. అర్థము కాని భాషలో వచ్చిన ప్రకటనను ప్రశ్నింపలేము. ప్రశ్నింపలేని దానిని గ్రుడ్డిగా నమ్ముదుము, లేదా భయపడి త్రోసివేయుదుము. ఆ సందున సెల్‌ఫోనులోని పుకారు చొరబడును. బిడ్డ విజ్ఞానశాస్త్రమును మాతృభాషలో చదువుట ఇందుకే మేలు. "ఇది ఎట్లు తెలిసినది?" అని వాడడిగినపుడు కసరి నోరు మూయింపకుడు. పాఠశాల నుండి టీకా చీటీ వచ్చినపుడు దానిని బిడ్డతో కలిసి తెలుగులో చెప్పుకొని చదువుడు. మందు దేనికి, ఎట్లు పరీక్షించిరి, వేసిన పిదప ఏమి గమనింపవలెను అని వైద్యుని సంకోచింపక అడుగుడు. అడిగి తెలిసికొనిన నమ్మికయే కష్టకాలమున నిలుచును.