పిల్లల న్యాయసభ

ఒక బాలుడు తోటి బాలుని పుస్తకమును చింపినాడనుకొందము. ఉపాధ్యాయుడు బెత్తముతో రెండు దెబ్బలు వేయును, లేదా గోడకుర్చీ వేయించును. అంతటితో తగవు తీరినదని పెద్దలు తలతురు. కాని చినిగిన పుస్తకము చినిగినట్లే యున్నది. దానిని పోగొట్టుకొన్నవాని గోడు విన్నవారు లేరు. దెబ్బలు తిన్నవాడు తన తప్పును తలచుకొనుటకు మారు, సాయంకాలము బడి వెలుపల పగ తీర్చుకొను దారి వెదకుచుండును. ఇంతకును చల్లారినది ఉపాధ్యాయుని కోపమొక్కటియే.

ఈ చిక్కును నూరేండ్లకు పూర్వమే గుర్తించి, వేరొక మార్గమును ఆచరణలో పెట్టి చూపిన విద్యావేత్త యొకడు పోలెండు దేశమున నుండెను. ఆయన యానుష్ కోర్చాక్. ఇది రచనలకై పెట్టుకొన్న పేరు. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. ఆయన పిల్లల వైద్యుడు. వార్సా నగరమందలి యొక ఆసుపత్రిలో కొన్ని యేండ్లు పనిచేసెను. 1912లో ఆ నగరముననే క్రొఖ్‌మాల్నా వీధిలో యూదు బాలబాలికలకై అనాథ గృహము తెరువబడగా, ఆసుపత్రి కొలువు విడిచి దాని నిర్వహణమునకు పూనుకొనెను. స్తెఫానియా విల్చిన్‌స్కా యను నామె ఆయనకు కుడిభుజమై నిత్యవ్యవహారమంతయు చూచుచుండెను. అచట సుమారు నూరుగురు పిల్లలు. బీదరికమునందు పెరిగినవారు. నూరుగురు ఒక కప్పు క్రింద నున్నచోట తగవులకు కొదువ యేమి? తోయుట, తిట్టుట, అడుగకయే యొకరి వస్తువు మరియొకరు తీసికొనుట, చిన్నవారిని పెద్దవారు ఏడిపించుట. వీనిని పరిష్కరించుటకు కోర్చాక్ పిల్లల చేతనే నడుపబడు న్యాయసభ నేర్పరచెను.

దాని పద్ధతి సులభమైనది. తనకు అన్యాయము జరిగినదని తలచినవాడు గోడపై నున్న పలకమీద తన పేరును, ఎవరిపై ఫిర్యాదో వారి పేరును వ్రాయవలయును. న్యాయమూర్తులు ఐదుగురు, వారును పిల్లలే. ఆ వారమున తమపై ఫిర్యాదు లేనివారినుండి చీట్లు వేసి వారిని ఎన్నుకొందురు. మన రచ్చబండ తీర్పులలో గొంతు పెద్దదైనవాడు గెలుచుట కలదని పెద్దలెరుగుదురు. చీటికి గొంతు లేదు, బంధుత్వమును లేదు. ఉపాధ్యాయుడు కార్యదర్శిగా ఉభయుల వాంగ్మూలములను వ్రాసికొని సభలో చదువును. తీర్పు చెప్పు హక్కు మాత్ర మాయనకు లేదు.

తీర్పులకు కోర్చాక్ యొక శిక్షాస్మృతిని వ్రాసెను. అందు మొదటి తొంబదితొమ్మిది నిబంధనలును ఫిర్యాదును విడుచుటకో, క్షమించుటకో సంబంధించినవి. ఫిర్యాదు చేసినవాడే దానిని మానుకొనుట మొదటిది. తెలియక చేసినాడు, పరిహాసమునకు చేసినాడు, కోపములో చేసినాడు అని కారణము లెంచి మన్నించుట తరువాతివి. నూరవ నిబంధననుండి తప్పును తప్పని చెప్పుట ప్రారంభమగును. అటుపై రెండువందలు, మూడువందలు అనుచు తీవ్రత పెరుగును. పేరును గృహపత్రికలో ప్రకటించుట, ఇంటివారికి తెలుపుట మొదలైనవి పై మెట్లు. తొమ్మిదివందలవ నిబంధన పడినవానికి పూచీపడి దిద్దుటకు ఎవరైన ముందునకు రావలయును. ఎవరును రానిచో వేయవది: గృహమునుండి పంపివేయుట. ఇంత పొడవైన పట్టికలో ఎచటను బెత్తము లేదు, పస్తు లేదు.

ఫిర్యాదు చేసిన వెంటనే విచారణ జరుగదు గనుక, నడుమ నుభయులకు కోపము దిగుటకు వ్యవధి యుండెను. న్యాయమూర్తిగా కూర్చున్న బాలుడు రెండు పక్షములను వినక తప్పదు. రేపు తానే ఆ స్థలమున నిలువవలసి వచ్చునని వానికి తెలియును. ఆ సభలో విలువైనది తీర్పుకంటె ఈ వినుటయే యని మా యభిప్రాయము.

పద్ధతి తొలినాటనే కుదురుకొనలేదు. అల్ప విషయములకు ఫిర్యాదులు కుప్పలుగా వచ్చి పడెను. పెద్ద పిల్లలు కొందరు దానిని పరిహసించిరి. కోర్చాక్ నాలుగు వారములపాటు సభను నిలిపివేసి, సవరణలతో మరల తెరచెను. తీర్పు నచ్చనివారు నెల తరువాత మరల విన్నవించుకొనవచ్చును. కొన్ని వ్యవహారములు వేరొక మండలికి చేరును. పెద్దలపైనను పిల్లలు ఫిర్యాదు చేయవచ్చును. ఆయన అర్ధసంవత్సరములో తన్ను తాను ఐదుమారులు ఆ సభకు అప్పగించుకొనెను. ఒక బాలుని చెవిపై కొట్టినందు కొకమారు, దొంగతనము చేసినదని యొక బాలికను నిష్కారణముగా అనుమానించినందు కొకమారు. పిల్లలు విచారించి క్షమించిరి. పెద్దవాడు సంజాయిషీ చెప్పుకొనినందున ఆయన గౌరవము తగ్గలేదు. మన ఉపాధ్యాయులు సందేహించునది ఇచ్చటనే గనుక దీనిని ప్రత్యేకించి చెప్పుచున్నాము.

1942 ఆగస్టులో నాజీలు వార్సాలోని యూదులను ట్రెబ్లింకా సంహార శిబిరమునకు తరలించునపుడు కోర్చాక్, స్తెఫానియా పిల్లలను విడువక వారితో వెళ్ళిరి. ఎవరును తిరిగి రాలేదు. 1978లో పోలెండు ప్రభుత్వము బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి ముందుంచెను. అది 1989లో ఆమోదము పొందెను. భారతదేశము 1992లో దానియందు చేరెను.

మన దేశమున 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము 17వ విభాగము బాలలను శరీరముపై దండించుటను, మనస్సు నొప్పించుటను నిషేధించుచున్నది. ప్రాథమిక విద్య ముగియువరకు బడినుండి వెడలగొట్టుటకును వీలులేదు. బెత్తము దింపినపిమ్మట ఏమి చేయవలయునని పలువురు ఉపాధ్యాయులు అడుగుట సహజము. ఐదవ తరగతి మొదలు ప్రతి తరగతియందును వారమున కొకగంట ఇందుకై కేటాయించవచ్చును. ఫిర్యాదులు వ్రాయుటకు ఒక పుస్తకము, చీట్లు వేయుటకు ఒక డబ్బా చాలును. నష్టపడినవానిని ముందుగా మాటాడనీయవలయును. పిమ్మట, నష్టమును పూరించుట కేమి చేయుదువని రెండవవానినే అడుగవలయును. చినిగిన పుటలను తన చేతులతో వ్రాసి యిచ్చెదనని వాడే అనవచ్చును. అట్లనిన, వ్రాసి తెచ్చువరకు వ్యవహారమును పుస్తకమున కొట్టివేయరాదు. సభలోని సంగతులను ఇంటింట చెప్పి వెక్కిరించుట కూడదని పిల్లలకును, తల్లిదండ్రులకును పాఠశాల యాజమాన్య కమిటీ తెలుపవలయును.

అన్ని తగవులును పిల్లల ముందుంచదగినవి కావు. గాయములగునట్టి దెబ్బలు, కులము పేర దూషణ, ఆడపిల్లలపట్ల అసభ్య ప్రవర్తన, పెద్దలవలన హింస, వీనిని ఆ డబ్బాలో వేయనీయక ప్రధానోపాధ్యాయుడు తానే స్వీకరించవలయును. ఆపదలోనున్న బాలలకై 1098 అను టెలిఫోను సంఖ్య కలదు. దానిని ప్రతి తరగతి గోడపైనను పిల్లల కంటికి అందునంత ఎత్తున వ్రాయించవలయును.