పంచాయతీ బండి ఎన్నేండ్లు నడచును?

గ్రామమునకు సొంత మోటారు బండి యుండుట ఒకప్పుడు ఊహకందని విషయము. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన తరువాతి కాలమున బ్లాకు అధికారి జీపు ఊరిలోనికి వచ్చినచో పిల్లలు దాని వెంట పరుగిడెడివారు. నేడు ఆ జీపు కంటె బలమైన బండ్లు పంచాయతీ కార్యాలయముల ముందు నిలిచియున్నవి. తెలంగాణలో 2019 సెప్టెంబరున మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. కొన్ని పెద్ద పంచాయతీలు చెత్త సేకరణకు చిన్న ట్రక్కులను గూడ కొన్నవి. కొనుట ఒక దినపు పని. తీర్మానము, ధర పత్రము, కొబ్బరికాయ, ఫోటో, అంతతో ముగియును. నడపుట పదునైదేండ్ల పని.

“ఈ బండి మనకెన్నాళ్లు వచ్చును?” అని సమావేశములలో సభ్యులు అడుగుచుందురు. న్యాయమైన ప్రశ్న. దీనికి చట్టము ఒక సమాధానము చెప్పుచున్నది, ఇనుము వేరొకటి చెప్పుచున్నది.

చట్టము చెప్పునది ముందు తెలిసికొనవలెను. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ 2023 జనవరిలో వెలువరించిన ప్రకటన ననుసరించి, ఆ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీ నుండి, ప్రభుత్వముల యొక్కయు స్థానిక సంస్థల యొక్కయు మోటారు వాహనముల రిజిస్ట్రేషను 15 సంవత్సరములతో ముగియును. పంచాయతీలును ఇందు చేరియున్నవి. బండి ఎంత చక్కగా నడచుచున్నను గడువు పొడిగింపు లేదు. నమోదైన తుక్కు కేంద్రమునకు అప్పగింపవలసినదే. రక్షణ, శాంతిభద్రతల పనులకై వాడు ప్రత్యేక వాహనములకు మాత్రమే మినహాయింపు కలదు. ప్రక్క వీధి రైతు తన సొంత ట్రక్కును పరీక్షలలో నెగ్గించుకొనుచు ఇరువదేండ్లు నడుపుకొనవచ్చును గాని, పంచాయతీకి ఆ వీలు లేదు. కావున మన బండికి పరమావధి పదునైదేండ్లు. అంతవరకైనను అది బ్రతుకునా, ఆరేడేండ్లకే వేపచెట్టు క్రింద నాలుగు ఇటుకల మీద నిలుచునా యనునదే సభ్యులు ఆలోచింపవలసిన విషయము.

లెక్క చూడుడు. బండి ఖరీదు 9 లక్షలనుకొందము. పదునైదేండ్లు నడచినచో ఏడాదికి 60 వేలు పడినట్లు. ఆరేండ్లకే మూలపడినచో ఏడాదికి లక్షా యేబది వేలు. భేదము ఏటికి 90 వేలు. ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు, టైర్ల శ్రద్ధ అన్నియు కలిపి ఇందులో కొంతభాగము మాత్రమే ఖర్చగును. అయినను బడ్జెటులో మొదట కోతపడునది ఆ పద్దే. బండి మూలపడిన నెలలలో చెత్త వీధిలోనే యుండును, వేసవిలో ట్యాంకరు రాదు; ఆ నష్టమును ఏ పద్దులో వ్రాయుదుము?

ఇక ఇనుము మాట. మంచి పోషణ గల బండి ఎంత దూరము పోగలదో తెలుపుటకు అమెరికా దేశపు ఉదాహరణ మొకటి కలదు. లూసియానా రాష్ట్రమున సరుకులు చేరవేయు నొక డ్రైవరు 2007లో తయారైన టయోటా టండ్రా పికప్ ట్రక్కును 2016 నాటికి పది లక్షల మైళ్లు, అనగా 16 లక్షల కిలోమీటర్లు నడిపెను. ఇంజను మొదటిదే, గేరుపెట్టెయు మొదటిదే. కంపెనీవారు ఆ బండిని పరిశోధనకై తీసికొని ఆతనికి క్రొత్తది యిచ్చిరి. అతడు చేసిన అద్భుత మేదియు లేదు. చెప్పిన వేళకు బండిని సర్వీసుకు తీసికొనిపోయెను, అంతియే. అయితే అతని బండి నడచినది పొడవైన రాజమార్గముల మీద, ఒకే వేగమున. ఇంజనుకు అంతకంటె సుఖమైన పని లేదు. మన చెత్త బండి బ్రతుకు అట్టిది కాదు.

ఇచ్చట సభ్యులు కొంచెము నిలిచి గమనింపవలెను; ఏలయన పంచాయతీ బండ్ల అకాల మరణమునకు ముఖ్యకారణ మిదియే యని నా యభిప్రాయము. చెత్త బండి ఇంటింటి ముందు ఆగును. ఇంజను ఆడుచునే యుండును, చక్రము కదలదు. దినమునకు 12 కిలోమీటర్లు నడచి, ఐదు గంటలు ఇంజను ఆడినదనుకొందము. ఏటికి 300 దినములైనచో కిలోమీటర్ల ముల్లు 3,600 మాత్రమే చూపును. పుస్తకములో 10,000 కిలోమీటర్లకు ఆయిలు మార్చవలెనని యున్నచో, డ్రైవరు దాదాపు మూడేండ్లు మార్చకుండ కూర్చుండును. అడిగిన సభ్యునికి ముల్లు చూపును. కాని ఇంజను ఆడినది 1,500 గంటలు. ఫోర్డు కంపెనీ తన పెద్ద డీజిలు ట్రక్కుల యజమానులకు ఒక గంట ఊరక ఆడిన ఇంజనును 25 మైళ్లు, అనగా షుమారు 40 కిలోమీటర్లు నడచినట్లు లెక్కింపుమని చెప్పినది. ఆ లెక్కన 10,000 కిలోమీటర్లకు సరియగునది 250 గంటలు. విచిత్రమేమనగా, పలు ట్రాక్టర్ల పుస్తకములలో ఆయిలు మార్పునకు వ్రాసియుండునదియు ఆ 250 గంటలే. ట్రాక్టరుకు గంటల మీటరు కలదు గనుక రైతు మోసపోడు. ట్రక్కునకు లేదు గనుక పంచాయతీ మోసపోవుచున్నది.

కావున లాగుబుక్కులో కిలోమీటర్ల ప్రక్కన గంటల గడియొకటి గీయించుడు. ఎక్కించినప్పుడు, దింపినప్పుడు వేళ వ్రాసిన చాలును. ఆయిలును, దానితోబాటు ఆయిలు ఫిల్టరును ఏటికి ఆరు మారులకు తగ్గకుండ మార్చుట మేలు. కంపెనీ పుస్తకములలో “తీవ్ర పరిస్థితులు” అను శీర్షిక క్రింద తక్కువ గడువులు వేరుగా నిచ్చియుందురు. దుమ్ము, ఆగి ఆగి నడచుట, అధిక భారము అన్నియు మన బండికి వర్తించును గాన ఆ పుటనే మనము చూడవలెను.

2020 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి-6 డీజిలు బండ్ల విషయమున మరియొక చిక్కు కలదు. వీని పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ వంటి ఫిల్టరుండును. పట్టిన మసి కాలిపోవుటకు పొగ మిక్కిలి వేడిగా నుండవలెను. వీధులలో నత్తనడక నడచు బండికి ఆ వేడి పుట్టదు. మసి పేరుకొని డ్యాష్‌బోర్డు మీద దీపము వెలుగును, లక్ష్యపెట్టనిచో ఇంజను శక్తి తగ్గును. దీపము వెలిగిన దినముననే పుస్తకములో చెప్పిన ప్రకారము బండిని పెద్దరోడ్డు మీద నిలుకడ వేగమున కొంతసేపు నడిపించుట చౌకైన వైద్యము. “డీజిలు దండుగ, ఊరికే తిప్పినాడు” అని డ్రైవరును తిట్టు సభ్యుడు తరువాత ఫిల్టరు ఖరీదు విని నివ్వెరపోవును.

దుమ్ము సంగతి రైతుకు చెప్పనక్కరలేదు. మట్టిబాట దుమ్ములో ఇసుక పొడి యుండును. గాలి ఫిల్టరు చినిగినను, సరిగా బిగింపబడకున్నను అది నేరుగా సిలిండరులోనికి పోయి గోడలను ఆకురాయివలె అరగదీయును. మెకానిక్కులు “ఇంజను బోరుకు వచ్చినది” అనుటలో సగము పాలు ఈ దుమ్ముదే. కాగితపు ఫిల్టరును పంచరు దుకాణము గాలిగొట్టముతో గట్టిగా ఊదించిన కంటికి కనబడని చిల్లులు పడును. మెల్లగా తట్టి దులుపవలెను, గడువునకు మార్చవలెను.

రేడియేటరులో బోరు నీరు పోయుట మన ప్రాంతమున అలవాటు. ఆ నీటిలోని లవణములు గిన్నె అడుగున పట్టినట్లే ఇంజను లోపల పొరగట్టి వేడిని బయటికి పోనీయవు. కూలెంటు ద్రవమును పుస్తకము చెప్పిన పాళ్లలో శుద్ధజలముతో కలిపి పోయవలెను. అది తుప్పును ఆపును, నీరు మరుగు వేడిని పెంచును.

ఇంజను పాడైనచో బాగు చేయవచ్చును. చాసిస్ పాడైనచో బండి పోయినదే. చెత్త బండిని చంపునది తరచుగా తడిచెత్త రసము. పులిసిన కూర, పండ్ల తొక్కుల నుండి కారు ఆ నీరు ఆమ్లము. రాత్రియంతయు తొట్టి అడుగున నిలిచినచో రేకును తినును, కారి క్రింది చాసిస్‌ను తినును. రెండవ మూడవ సంవత్సరముననే తొట్టిలో వ్రేలుపట్టు రంధ్రములు పడిన బండ్లను నేను పర్యటనలలో చూచితిని. ప్రతి దినము పని ముగియగనే రెండు మూడు బిందెల నీటితో తొట్టిని కడిగి, నీరు పోవు రంధ్రములను పుల్లతో పొడిచి, బండిని కొంచెము వాలుగా నిలుపుట పది నిమిషముల పని. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలి తోడగును గనుక ఏటికొకమారు అడుగున తుప్పు నివారణ రంగు వేయించుటయు అవసరము.

భారమును గూర్చి ఒక మాట. బండి ప్రక్కన వ్రాసియుండు బరువు అలంకారమునకు కాదు. ఇసుక, కంకర, పెండ్లి సామాను అని గ్రామస్థులు అడుగుదురు. సర్పంచికి కాదనుట కష్టము. కమాను పట్టీలు విరుగుట, క్లచ్చి కాలుట, టైర్లు ప్రేలుట ఇందుండియే. 2019 సవరణ తరువాత మోటారు వాహనముల చట్టమున అధిక భారమునకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 రూపాయలు.

“ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె” నను సామెత బండికి చక్కగా అతుకును. తాళపుచెవి ముగ్గురి వద్ద నున్న బండిలో ఎవరును ఆయిలు పుల్ల తీసి చూడరు. ఒక బండికి ఒక డ్రైవరు, ఆతడు లేని దినమున పేరు వ్రాసి పెట్టిన మరియొకడు. ఉదయము ఆయిలు మట్టము, కూలెంటు మట్టము, టైర్ల గాలి చూచి సంతకము చేయవలెను. వారమునకొకమారు గ్రీజు. విడిభాగములు బిల్లు మీదనే కొనవలెను. మార్చిన పాతభాగమును కార్యాలయమున చూపి తరువాత తుక్కులో వేయవలెను. ఈ చివరి నియమమొక్కటి చాల దొంగబిల్లులను మాన్పించును.

చిన్న ట్రక్కు ఫిట్‌నెస్ పత్రమును మొదటి యెనిమిదేండ్లు రెండేండ్లకొకమారు, ఆపైన ఏటేటా తీసికొనవలెను. ఆ తేదీకి నెల ముందే బండిని మెకానిక్కునకు చూపి, బ్రేకులు, దీపములు, స్టీరింగు సరిచేయించినచో పరీక్షయు నెగ్గును, ఆయుర్దాయమును పెరుగును. బీమా తేదీని గోడ క్యాలెండరు మీద ఎఱ్ఱసిరాతో గుర్తింపుడు.

తెలంగాణ పల్లెలలో నేటికిని నడిమిరకపు లారీని “డీసీయం” అనుచుందురు. 1980ల దశకమున ఆ పేరిట ట్రక్కులు చేసిన కంపెనీ మాయమై చాలకాలమైనది. పేరు మాత్రము నిలిచియున్నది. పంచాయతీ బండికి పేరు కాదు, తేదీ ముఖ్యము. 2020లో రిజిస్టరైన ట్రాక్టరు 2035లో పోవలసినదే. అప్పుడు క్రొత్తదానికై ఎవరో యిత్తురని ఎదురుచూడక, ఇప్పటినుండి ఏటేటా కొంత మొత్తమును ప్రత్యేక పద్దు క్రింద నిలువ చేయుటకు వచ్చు బడ్జెటు సమావేశముననే తీర్మానము పెట్టవచ్చును. రిజిస్ట్రేషను పత్రము నకలును, గంటల గడి గీసిన లాగుబుక్కును ఆ సమావేశమునకు తెప్పించి బల్లమీద నుంచుడు.